ఆట చేసినవాళ్ల పేర్లు తెర మీద వేయండి: నింటెండో, ఇల్యూమినేషన్ సంస్థలకు బహిరంగ లేఖ

షిగెరు మియామోటో గారికి, క్రిస్ మెలెదాండ్రి గారికి,

నమస్కారం.

నింటెండో వారి మారియో వీడియో గేమ్‌ల ఆధారంగా, 2023 ఏప్రిల్‌లో మీ ఇద్దరూ నిర్మాతలుగా వచ్చిన యానిమేషన్ సినిమా ‘ది సూపర్ మారియో బ్రోస్. మూవీ’ గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. సినిమా బాగుందా లేదా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. ప్రపంచవ్యాప్తంగా 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసి, ఆ ఏడాది వచ్చిన సినిమాల్లో రెండో స్థానంలో నిలిచింది. నాకూ బాగా నచ్చింది. నేను మాట్లాడాలనుకుంటున్నది కథ అయిపోయాక తెర మీద కింది నుంచి పైకి వెళ్లే పేర్ల గురించి. అక్కడ ఉండాల్సిన కొందరి పేర్లు లేవు. ఇకముందు మీరు తీసే ప్రతి సినిమాలోనూ అవి ఉండాలని అడుగుతున్నాను.

ఒక సన్నివేశంతో మొదలుపెడతాను. కాంగ్‌లనే వానరాల సైన్యం సాయం కావాలంటే మారియో డాంకీ కాంగ్‌తో తలపడి గెలవాలని వాళ్ల రాజు క్రాంకీ కాంగ్ షరతు పెడతాడు. అరీనా కిక్కిరిసిపోయి ఉంటుంది. డాంకీ కాంగ్ చేతులూపుకుంటూ ఠీవిగా లోపలికి వస్తుంటే వెనక ఒక ర్యాప్ అందుకుంటుంది. ఆ పాట తెలియనివాళ్లకు అదొక హుషారైన ఎంట్రీ సాంగ్. తెలిసినవాళ్లకు ఒళ్లు పులకరిస్తుంది. 1999లో వచ్చిన ‘డాంకీ కాంగ్ 64’ ఆట మొదట్లో వినిపించే డీకే ర్యాప్ అది. ఆట ఆన్ చేయగానే ఒక్కొక్క కాంగ్‌నూ పరిచయం చేసే పాట. ఇంగ్లండ్‌లోని రేర్ స్టూడియోలో పనిచేస్తున్న రోజుల్లో గ్రాంట్ కర్క్‌హోప్ దానికి సంగీతం కట్టారు. మాటలు జార్జ్ ఆండ్రియాస్ రాశారు. వచ్చిన కొత్తలో ఆ పాటను ఎగతాళి చేసినవాళ్లు తక్కువమందేం కాదు. అయినా అది జనం నోళ్లలో నిలబడిపోయింది. అందుకే కదా, అన్నేళ్ల తర్వాత మీరు ఏరికోరి దాన్ని తెచ్చి ఆ చోట పెట్టారు!

చివర్లో పాటల జాబితా వచ్చినప్పుడు ఆ ర్యాప్ ‘డాంకీ కాంగ్ 64’లోది అని మాత్రం ఉంది. కట్టినవారి పేరు లేదు. తన పేరు చూసుకోవాలని ఎంతో ఎదురుచూశానని, అది లేకపోయేసరికి నిరాశపడ్డానని కర్క్‌హోప్ అప్పట్లోనే ట్విట్టర్‌లో రాశారు. తర్వాత ఇంటర్వ్యూల్లో తనకు అందిన వివరణ కూడా చెప్పారు: ఆటల్లోంచి తీసుకున్న సంగీతంలో, మొదటి మారియో ఆటకు సంగీతం చేసిన కోజి కోండో గారి బాణీలకు తప్ప మిగతావాటికి స్వరకర్తల పేర్లు వేయకూడదని నిర్ణయించారట. ఆ సంగీతం నింటెండో సొంతం కాబట్టి పేరు అక్కర్లేదనుకున్నారట.

ఈ వివరణ విన్నాక నాకు కోపం కన్నా బాధ ఎక్కువ కలిగింది. అదే సినిమాలో ఆ-హా పాట ఉంది, ఏసీ/డీసీ పాట ఉంది, బానీ టైలర్ పాట ఉంది. బయటి పాట వాడుకుంటే లైసెన్స్ తీసుకోవాలి. రాసింది ఎవరు, పాడింది ఎవరు, ఏ కంపెనీ అనుమతితో వాడారు అన్నవన్నీ కాంట్రాక్టు ప్రకారం పేర్లలో రావాలి. అంటే మారియో ప్రపంచంతో ఏ సంబంధమూ లేని పాటలకు పరువు దక్కింది. ఆ ప్రపంచంలోనే పుట్టిన పాటకు దక్కలేదు. విలన్ బౌజర్ పియానో ముందు కూర్చుని పాడే ‘పీచెస్’ సంగతి చూడండి. నిండా రెండు నిమిషాలు లేని ఆ పాటకు రచయితలుగా జాక్ బ్లాక్‌తో కలిపి అయిదుగురి పేర్లు ఉన్నాయి. ఉండాలి కూడా, ముచ్చటైన పాట అది. ఒకే సినిమాలో ఒక పాటకు అయిదు పేర్లుండి ఇంకో పాటకు ఒక్కటి కూడా లేకపోవడాన్ని మీరు ఎలా సమర్థించుకుంటారు?

హక్కు ఎవరిదన్నది ఒక ప్రశ్న. చేసింది ఎవరన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు ఒప్పంద పత్రాల్లో దొరుకుతుంది, దాని గురించి నాకు పేచీ లేదు. జీతానికి పనిచేసినప్పుడు ఆ పని కంపెనీకి చెందుతుందని అందరికీ తెలుసు. డబ్బు సంగతి మీరూ వాళ్లూ చూసుకోవాల్సిందే. రెండో ప్రశ్నకు జవాబు మాత్రం ఏ ఒప్పందమూ మార్చలేదు. ఆ బాణీ కర్క్‌హోప్ చేశారు. రేర్ స్టూడియోను 2002లో మైక్రోసాఫ్ట్ కొనుక్కున్నా, ఆయన వేరే చోటికి వెళ్లిపోయినా, చేసింది ఆయనే.

కోండో గారి విషయంలో మీరు చూపిన గౌరవం చూస్తే సంతోషం వేసింది. సినిమా సంగీత దర్శకుడు బ్రయాన్ టైలర్ పాత బాణీలను పెద్ద ఆర్కెస్ట్రాకు మలుస్తూ ఎక్కడా వాటి ఆనవాలు పోనివ్వలేదు. బ్రూక్లిన్‌లో అన్నదమ్ములు మారియో, లుయీజీ మొదటి పనికి ఆలస్యమైపోతోందని కట్టడాల మధ్య పరుగెత్తే చోట కెమెరా పక్క నుంచి వాళ్లతోపాటు జరుగుతుంది. ఆట ఆడినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, వేళ్లు వాటంతటవే బటన్ల కోసం వెతుక్కుంటాయి. 1985లో కోండో గారు మొదటి మారియో ఆటకు తొలుత ఒక బాణీ చేశారు. మారియో పరుగుకూ గెంతుకూ అది కుదరకపోతే పక్కన పడేసి మళ్లీ చేశారు. ఆ రెండోసారి చేసిందే మనందరం కూనిరాగం తీసేది. మీ సినిమా విడుదలైన ఆ ఏప్రిల్‌లోనే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చింది. వీడియో గేమ్ సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఒక దేశపు గ్రంథాలయం ఆట సంగీతానికి కర్త ఎవరో గుర్తించి నమోదు చేసుకుంటున్న రోజుల్లో, ఆ ఆటల మీద తీసిన సినిమా మిగతా కర్తల పేర్లు వదిలేసింది.

సంగీతంతో ఈ విషయం ఆగదు. మియామోటో గారూ, మొదటి ఆటలో తొలి అంచె (లెవెల్) గురించి మీరే ఒకసారి వివరించారు. ప్రశ్నార్థకం గుర్తు వేసిన పెట్టెను తలతో కొడితే పుట్టగొడుగు బయటికొస్తుంది. కుడివైపు జారుకుంటూ పోయి, కింద పడి, గొట్టానికి తగిలి వెనక్కి తిరుగుతుంది. కొత్తగా ఆడేవాడు అప్పుడే గూంబా అనే శత్రువు చేతిలో చచ్చి ఉంటాడు కాబట్టి దీన్ని చూసి కూడా భయపడి గెంతుతాడు. పైన పెట్టెలుండటంతో తల కొట్టుకుని దాని మీదే పడతాడు. చచ్చాననుకుంటే పెద్దవాడవుతాడు! ఒక్క మాట చెప్పకుండా, ఒక్క అక్షరం రాయకుండా ఆట తన నియమాన్ని నేర్పేసింది. సినిమాలో మారియోకి పుట్టగొడుగులంటే గిట్టదు, పళ్లెంలోంచి ఏరి పక్కన పెడతాడు. తర్వాత అవే తినక తప్పదు. ఆ హాస్యం పండటానికి కారణం 1985 నాటి ఆ పుట్టగొడుగు.

ఆ అంచెలను మీరూ తకాషి తెజుకా గారూ కాగితం మీద గీసి ప్రోగ్రామర్లకు ఇచ్చేవారు. ఎస్‌ఆర్‌డీ అనే వేరే సంస్థలో తోషిహికో నకాగో గారి బృందం వాటిని పనిచేసే ఆటగా మార్చింది. మొత్తం 40 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అంత ఇరుకులో సర్దడానికి మేఘానికీ పొదకూ ఒకే బొమ్మ వాడి రంగు మాత్రం మార్చారు. గూంబా నడుస్తున్నట్టు కనిపించడానికి ఒకే బొమ్మను కుడి ఎడమలు తిప్పారు. జాగా లేక చేసిన ఆ ఏర్పాట్లే తర్వాత మారియో లోకపు రూపురేఖలయ్యాయి. సినిమాలో గూంబాలు కనిపించినప్పుడల్లా నేను ఆ ఒక్క బొమ్మ గురించే ఆలోచించాను. ఆ మొదటి ఆటలో చివరిదాకా వెళ్లి రాకుమారిని కాపాడితే ఇంకో కొత్త అన్వేషణకు పిలుపు వస్తుంది గానీ చేసినవాళ్ల పేర్లు రావు. అప్పట్లో అది రివాజు. 40 కిలోబైట్లలో పేర్లకు చోటు దొరకలేదంటే అర్థం చేసుకోగలను. 92 నిమిషాల సినిమాకు ఆ ఇబ్బంది లేదు.

ఈ పరిశ్రమ పుట్టినప్పటి నుంచీ పేరు కోసం పోరాటం ఉంది. అమెరికా వీడియో గేమ్ కంపెనీ అటారీలో ఆటలు చేసినవాళ్ల పేర్లు బయటికి రానిచ్చేవారు కాదు. 1980లో వచ్చిన ‘అడ్వెంచర్’ ఆటలో వారెన్ రాబినెట్ ఎవరికీ చెప్పకుండా ఒక రహస్య గది కట్టి, అందులో ఇది చేసింది తానేనని రాసుకున్నారు. నేపథ్యంలో కలిసిపోయే బూడిద రంగు చుక్క ఒకటి వెతికి పట్టుకుంటే తప్ప ఆ గదిలోకి వెళ్లలేం. ఆయన కంపెనీ వదిలి వెళ్లాక, ఆట ఆడిన ఒక కుర్రాడు ఉత్తరం రాస్తే గానీ అటారీకి ఆ సంగతి తెలియలేదు. అదే కంపెనీ నుంచి నలుగురు ప్రోగ్రామర్లు బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ అనే సొంత కంపెనీ పెట్టడానికి ఒక కారణం ఇదే. చేసినవాళ్ల పేర్లు వాళ్లు తమ ఆటలతోపాటే అచ్చువేశారు. నలభై ఏళ్లు గడిచాక అదే గొడవ సినిమా హాల్లోకి వచ్చి చేరడం నన్ను కలవరపెడుతోంది.

నింటెండోను ఇంకో మాట అడగాలి. 2023 ఫిబ్రవరిలో పాత ఆటకు కొత్త మెరుగులు దిద్దిన ‘మెట్రాయిడ్ ప్రైమ్ రీమాస్టర్డ్’ వచ్చినప్పుడు కూడా ఇలాగే జరిగింది. 2002 నాటి అసలు ఆట చేసిన బృందం పేర్లు విడివిడిగా వేయకుండా, పాత బృందం పని ఆధారంగా చేశామన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆ ఆటకు పనిచేసినవాళ్లు బహిరంగంగానే బాధపడ్డారు. రెండు నెలల తేడాలో రెండుసార్లు జరిగితే పొరపాటున తప్పిపోయిందని అనుకోలేం, అది పద్ధతి. పద్ధతి అయితే మార్చుకోవచ్చు.

2025 సెప్టెంబర్‌లో గెలాక్సీ పేరుతో తర్వాతి మారియో సినిమా ప్రకటించారు. ఆ వార్త చదవగానే నాకు మొదట మెదిలింది మహితో యొకోటా పేరు. 2007లో వచ్చిన ‘సూపర్ మారియో గెలాక్సీ’ సంగీతంలో ఎక్కువ భాగం ఆయనదే. కోండో గారు చేసిన బాణీలు కొన్నే. గాలి వీచే తోటల మధ్య, ఒక చిన్న గ్రహం మీంచి ఇంకో గ్రహం మీదికి మారియో ఎగిరే చోట వినిపించే ఆ ఆర్కెస్ట్రా బాణీ యొకోటాది. ఆయన మొదట లాటిన్ వాయిద్యాల తరహాలో చేశారు. కోండో గారు అది కాదన్నారు. మారియో అంటే ముద్దుగా ఉండాలన్న ఊహ మనసులో ఉంటే తీసేయమన్నారు. యొకోటా మళ్లీ మొదలుపెట్టి మూడు తరహాల్లో చేసి చూపిస్తే మియామోటో గారు ఆర్కెస్ట్రాను ఎంచుకున్నారు. ఆ కష్టం మీ కళ్ల ముందే జరిగింది. కోండో గారి పేరు తప్ప ఇంకొకరిది వేయకూడదన్న నియమాన్ని గెలాక్సీకి వర్తింపజేస్తే అన్యాయం ఎంత పెద్దదో మీకే తెలుస్తుంది.

ఆ ఆటలోనే రోజలీనా అనే పాత్ర పిల్లలకు కథ చదివి వినిపించే పుస్తకం ఉంటుంది. అమ్మను పోగొట్టుకున్న ఒక చిన్న పాప కథ అది. మారియో ఆటల్లో అంతకు ముందు అలాంటి దిగులు లేదు. ఆట దర్శకుడు యోషియాకి కొయిజుమి ఆ కథ రాశారు. మారియోకి పెద్ద కథ అవసరం లేదని మియామోటో గారి అభిప్రాయమని అందరికీ తెలుసు. అందుకే కొయిజుమి గుట్టుగా రాసుకున్నారు. ఆ పుస్తకం తెరవకుండానే ఆట పూర్తి చేయొచ్చు. తెరిచినవాళ్లు మాత్రం మర్చిపోలేరు. మొదటి సినిమాలో బౌజర్ చెరసాలలో చావు గురించి ఉల్లాసంగా మాట్లాడే ఆ నీలి నక్షత్రం కూడా గెలాక్సీ ఆట నుంచి వచ్చిందే. ఆ నక్షత్రాల జాతిని మొదట ఊహించి గీసినవాళ్లు ఎవరో సినిమా చూసినవాడికి తెలియాలా వద్దా?

క్రాంకీ కాంగ్ కూడా అంతే. 1994లో రేర్ స్టూడియో చేసిన ‘డాంకీ కాంగ్ కంట్రీ’తోనే ఆ ముసలి కాంగ్ పుట్టాడు. అరీనా జనంలో కనిపించే డిడ్డీ కాంగ్ కూడా ఆ ఆటవాడే. డాంకీ కాంగ్‌కు ఇన్నాళ్లూ ఉన్న రూపం అదే ఆట కోసం కెవిన్ బేలిస్ దిద్దినది.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు ఊహించగలను. నలభై ఏళ్ల ఆటలు, వేలమంది మనుషులు, ఎవరిని వేసి ఎవరిని మానేస్తాం అంటారు. నిజమే, చిక్కే. కానీ మారియో పేరుతో వచ్చిన ప్రతి ఆటా చేసినవాళ్లందరినీ వేయమని అడగడం లేదు. సినిమాలో వినిపించిన బాణీ, కనిపించిన పాత్ర, అడుగుపెట్టిన లోకం ఏ ఆట నుంచి వచ్చాయో మీ బృందానికి ఖచ్చితంగా తెలుసు, ఎందుకంటే ఏరి తెచ్చింది వాళ్లే. చాలా ఆటలకు చివర్లో పేర్లు ఉన్నాయి. లేనివాటికి నింటెండో దగ్గర రికార్డులుంటాయి, ఆ రోజుల్లో పనిచేసినవాళ్లలో చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు. ఫోన్ చేసి అడగొచ్చు. ఒకరిద్దరి పేర్లు తప్పిపోతే తర్వాత చేర్చొచ్చు. తప్పిపోతాయన్న భయంతో అసలు వేయకపోవడం న్యాయం కాదు.

పేర్లు ఎవరు చదువుతారు అని కూడా అనొచ్చు. మీ సినిమాకు చదివారు! పేర్లన్నీ అయ్యాక బ్రూక్లిన్ భూగర్భంలో యోషి అనే డైనోసార్ గుడ్డు పగిలే సన్నివేశం పెట్టారు కాబట్టి దానికోసం చాలామంది చివరిదాకా కూర్చున్నారు. ప్రేక్షకుల్ని కూర్చోబెట్టడం మీకు తెలుసు. వాళ్లు కూర్చున్న ఆ కాసేపు ఏం చూపిస్తారన్నది మీ చేతిలో ఉంది. యానిమేషన్ సినిమాల్లో నాకు ఎంతో ఇష్టమైన ఆచారం ఒకటుంది. సినిమా తయారవుతున్న రోజుల్లో సిబ్బంది ఇళ్లలో పుట్టిన పిల్లల పేర్లు కూడా చివర్లో వేస్తుంటారు. ఇంత పెద్ద మనసున్న ఈ రంగం, పాత్రల్ని పుట్టించినవాళ్లకు నాలుగు వరుసలు కేటాయించలేదా?

మార్టినే గారి విషయంలో మీరు చేసింది చూశాకే నాకు ఈ ఉత్తరం రాయాలన్న ధైర్యం వచ్చింది. ఆటల్లో దశాబ్దాలపాటు మారియో గొంతుగా ఉన్న చార్ల్స్ మార్టినేకు ఆ పాత్ర సినిమాలో దక్కకపోయినా, మారియో తండ్రిగా, హోటల్లో కనిపించే జుసెప్పేగా రెండు పాత్రలిచ్చి, పేరు వేసి, ఆటల గొంతును గౌరవించారు. అభిమానులు ఎంత సంతోషించారో మీరూ చూశారు. అదే గౌరవం మైకు ముందుకు రానివాళ్లకు, అంటే బొమ్మ గీసినవాళ్లకు, ప్రోగ్రాం రాసినవాళ్లకు, అంచెలు కట్టినవాళ్లకు కూడా అందాలి.

నేను కోరేది ఇది. సినిమాలో ఏ ఆటలోని సంగీతం వాడినా ఆట పేరు పక్కన స్వరకర్త పేరు, మాటలుంటే రాసినవారి పేరు వేయండి. బయటి పాటలకు ఇచ్చే అక్షరాల సైజులోనే వేయండి. ఆధారమైన ఆటల పేర్లన్నీ చెప్పి, ఒక్కోదాని కింద దర్శకులు, రూపకర్తలు, చిత్రకారులు, ప్రోగ్రామర్ల పేర్లతో ఒక భాగం పెట్టండి. చదవగలిగేంత సేపు తెర మీద ఉంచండి, చివరి సన్నివేశానికి ముందే రానివ్వండి. మొదటి సినిమా ఇంట్లో చూసేందుకు డిజిటల్‌గా దొరుకుతోంది కదా, అందులో డీకే ర్యాప్ దగ్గర రెండు పేర్లు చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదని నా నమ్మకం. ఆటల మీద యానిమేషన్ సినిమాలు తీస్తున్న మిగతా స్టూడియోలు మీ వసూళ్లు చూసి మీ దారిలో నడుస్తున్నాయి. మీరు పేర్లు వేస్తే వాళ్లూ వేస్తారు.

ఈ పని చేయడం కుదరదంటే, ఎందుకు కుదరదో కూడా చెప్పండి. ఇప్పటిదాకా ఈ నిర్ణయం గురించి తెలిసిందల్లా నష్టపోయిన మనిషి నోటి నుంచి తెలిసిందే. మీ విధానం ఏమిటో మీరే బహిరంగంగా ప్రకటించండి.

ఇట్లు,
పేర్లన్నీ అయ్యేదాకా సీట్లో కూర్చునే మీ ప్రేక్షకుల్లో ఒకరు